ఊరేగింపులోని ఖడ్గం ఎవరి వైపు చూస్తున్నది?

ఈస్టరు పండుగకు ముందు వారం వచ్చిందంటే చాలు, మన యువకుల సెల్‌ఫోన్లలో స్పెయిన్ దేశపు చిత్రాలు తిరగడం మొదలవుతుంది. మొనదేలిన ముసుగులు ధరించి బారులు తీరి నడిచే మనుషులు, వారి నడుమ ఒర దూసిన ఒక ఖడ్గం, దాని కింద ఒక వ్యాఖ్య. అందులూసు ముస్లింల రక్తం చవిచూచిన కత్తిని ఆ దేశం వారు నేటికీ వీధులలో ఊరేగిస్తున్నారన్నది ఆ వ్యాఖ్య సారాంశం. మేము నడుపుతున్న పఠన మండలిలో ఈ ఏడు కూడా ఆ చిత్రం చేతులు మారింది. యువకుల ముఖాలలో కోపం కనిపించింది. ఆ కోపానికి ఆధారమెంత, అందులో న్యాయమెంత అన్నది తేల్చి చెప్పవలసిన బాధ్యత పెద్దల మీద ఉన్నది. అందువలననే ఈ వ్యాసం.

మా అభిప్రాయాన్ని ముందే చెప్పివేస్తున్నాము. చిత్రంలో ఉన్న ఖడ్గం ఒకటి, వ్యాఖ్యలో ఉన్న ఖడ్గం మరొకటి. రెండూ స్పెయిన్‌లో ఉన్నవి. రెండూ ఒకే నగరంలో ఉన్నవి. కానీ ఒకదాని నేరాన్ని మరొకదానికి అంటగట్టరాదు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు దస్త్రాల మధ్య గడిపిన మాకు ఒక ఫైలు కాగితం మరొక ఫైలులో చేరితే ఎంత అనర్థం జరుగుతుందో తెలుసు.

మొదట ఆ సంఘాల సంగతి. హెర్మందాద్ అనీ కొఫ్రదియా అనీ పిలవబడే ఈ క్యాథలిక్ సోదర సంఘాలు స్పెయిన్‌లో మధ్యయుగం నుండి ఉన్నవి. సభ్యత్వ రుసుము, నియమావళి, ఎన్నికైన పెద్ద, బీదలకు సహాయం, చనిపోయిన సభ్యుని అంత్యక్రియల బాధ్యత, ఇవన్నీ వాటి పనులు. ఏటా పవిత్ర వారంలో యేసు శిలువ ఘట్టాల విగ్రహాలను, దుఃఖిస్తున్న మేరీ విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ వీధులలో నడుస్తారు. దక్షిణాది నగరమైన సెవిల్లేలోనే ఇటువంటి ఊరేగింపులు అరవై దాకా బయలుదేరుతాయి. ముసుగు పశ్చాత్తాపానికి గుర్తు. పాపానికి ప్రాయశ్చిత్తం చేసుకొనేవాడు తన ముఖం చూపి మెప్పు పొందరాదన్నది దాని భావం. అమెరికాలోని జాతి దురహంకార ముఠా వేసుకొనే ముసుగును చూచినవారు దీనిని చూచి ఉలిక్కిపడడం సహజమే గానీ, ఆ ముఠాకూ వీరికీ సంబంధం లేదు. ఇదే సెవిల్లేలో 14వ శతాబ్ది చివర ఆర్చిబిషప్ గొన్సాలో దే మేనా నల్లజాతి వారి కోసం ఒక సంఘాన్ని ఏర్పరచాడు. బానిసలు, విముక్తులైన బానిసలు అందులో సభ్యులు. ఆ సంఘం నేటికీ ఊరేగింపు తీస్తూనే ఉన్నది.

ఈ ఊరేగింపులలో నడిచేవారిలో అత్యధికుల చేతిలో ఉండేది కొవ్వొత్తి, లేదా కొయ్య శిలువ. కత్తి కనిపించేది కొద్ది చోట్ల మాత్రమే. మకరేనా సంఘం వెంట ఈకల శిరస్త్రాణాలు ధరించి నడిచే రోమను సైనిక వేషధారుల వద్ద ఉంటుంది. అది బైబిలు కథలోని రోమను సైనికుల వేషంలో భాగం. 1670లో ఏర్పడిన సెవిల్లే మాయెస్త్రాన్సా వంటి కులీనుల సంఘాల ఉత్సవ దుస్తులలో ఎస్పదీన్ అనే సన్నని అలంకార ఖడ్గం ఉంటుంది. దానితో యుద్ధం చేయడం అటుంచి కూరగాయ తరగడం కూడా కష్టమే.

ఇక సెల్‌ఫోన్లలో తిరిగే ఒర దూసిన కత్తి. పవిత్ర గురువారం అర్ధరాత్రి దాటాక నల్లని వస్త్రాలతో, నడుముకు నారపట్టీలతో, మాట పలుకు లేకుండా నడిచే ఒక పురాతన సంఘం సెవిల్లేలో ఉన్నది. ప్రజలు దానిని ఎల్ సిలెన్సియో, అనగా మౌనం, అంటారు. ఈ సంఘం ఊరేగింపులో ఒక ఖడ్గాన్నీ ఒక కొవ్వొత్తినీ ప్రత్యేకంగా పట్టుకొని నడుస్తారు. 1615లో ఈ సంఘ సభ్యులు చేసిన ప్రతిజ్ఞకు అవి గుర్తులు. మేరీ తన తల్లి గర్భంలో పడిన క్షణం నుండే ఆది పాపం అంటనిది అన్న విశ్వాసాన్ని ప్రాణాలు ఒడ్డి అయినా కాపాడతామన్నది ఆ ప్రతిజ్ఞ. ఆ కాలంలో క్యాథలిక్కులలోనే ఈ విషయంపై తీవ్రమైన వివాదం నడిచింది. ఫ్రాన్సిస్కన్లు ఒక పక్షం, డొమినికన్లు మరొక పక్షం. రోము పోపు దానిని అధికారిక సిద్ధాంతంగా ప్రకటించినది 1854లో. కనుక ఆ ఖడ్గం ఎదుట నిలిచిన ప్రత్యర్థి క్రైస్తవ పండితుడే. అందులో ముస్లిం ప్రసక్తి లేదు. నిజానికి మర్యమ్ అలైహస్సలామ్ పవిత్రత గురించి కత్తి పట్టుకొని ముస్లింను ఒప్పించవలసిన పని ఎవరికీ ఎన్నడూ లేదు. ఆమె పేరుతో ఖుర్ఆనులో ఒక సూరా ఉన్నదని మన ఇళ్ళలో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

అయితే ఆ సంవత్సరాన్ని మరొకసారి చూడండి. 1615. బలవంతంగా క్రైస్తవంలోకి మార్చబడిన ముస్లింల సంతతిని, అంటే మోరిస్కోలను, స్పెయిన్ నుండి వెళ్ళగొట్టడం 1609లో మొదలై 1614లో ముగిసింది. మూడు లక్షల మంది వరకు ఓడలెక్కించబడ్డారు. అనగా ఆ సంఘం ప్రతిజ్ఞ చేసేనాటికి దేశం అటువంటి 'పరాయి' వారు లేకుండా ఖాళీ అయి ఏడాది మాత్రమే గడిచింది. ఆ ఖడ్గం మన మీదికి ఎత్తినది కాదు. మనవారు వెళ్ళిపోయిన తరువాత ఎత్తినది. ఈ తేడా యువకులకు వివరించడం కొంచెం కష్టమైంది.

మరి వ్యాఖ్యలోని ఖడ్గం? అదీ ఉన్నది. దాని పేరు లోబేరా. అది కస్తీల్ రాజు మూడవ ఫెర్నాండోది. ముస్లింలు ఇష్బీలియా అని పిలుచుకొన్న సెవిల్లే నగరం సుదీర్ఘమైన ముట్టడి తరువాత 1248 నవంబరు 23న ఆయనకు లొంగింది. నాటి నుండి ఆ తేదీని నగరం మరువలేదు. ఏటా నవంబరు 23న సెవిల్లే కథీడ్రలులో ఆ ఖడ్గాన్ని రాజ ప్రార్థనా మందిరం నుండి బయటికి తీసి, నగర మేయరు చేతబట్టుకొని లోపలి మార్గాలలో ఊరేగింపుగా నడుస్తారు. ఆ కథీడ్రలు నిలిచిన చోటు అల్ మువహ్హిదూన్ పాలకులు 12వ శతాబ్దిలో నిర్మించిన జుమా మస్జిదు స్థలమే. నేడు హిరాల్దా అనే పేరుతో ప్రపంచమంతా ఫొటోలు తీసుకొనే గంటల గోపురం ఆ మస్జిదు మీనారే. వజూ చేసుకొనే ప్రాంగణం నారింజ చెట్ల ముంగిలిగా మిగిలింది.

ఈ ఖడ్గం చరిత్రలో కేవలం స్మారకంగా కూడా ఉండిపోలేదు. 15వ శతాబ్ది తొలి సంవత్సరాలలో గ్రనాడా ముస్లిం రాజ్యం మీదికి దండెత్తిన రాకుమారుడు ఫెర్నాండో, అప్పటికి నూట యాభై ఏళ్ళుగా చర్చిలో ఉన్న ఈ కత్తిని అడిగి తీసుకొని తనతో యుద్ధానికి తీసుకువెళ్ళాడు. తరువాత తెచ్చి అప్పగించాడు. పవిత్ర వస్తువుకూ ఆయుధానికీ మధ్య ఉన్న గోడ ఎంత పలుచనిదో దీనివల్ల తెలుస్తున్నది.

కానీ ఆ మందిరంలోనే మరొక వస్తువు ఉన్నది. దానిని గురించి మనవారు ఎవరూ ఫార్వర్డు చేయరు. 1252లో మరణించిన ఫెర్నాండో సమాధి మీద ఆయన కుమారుడు పదవ అల్ఫోన్సో హయాంలో చెక్కించిన శాసనం అది. నాలుగు భాషలలో ఉన్నది: లాటిను, కస్తీలియను, అరబీ, హీబ్రూ. గెలిచినవాని సమాధి మీద ఓడినవారి భాషలో రాత! అరబీ పాఠంలో మరణ సంవత్సరం హిజ్రీ 650గా లెక్కించబడింది. హీబ్రూ పాఠంలో యూదుల సృష్టి శకం ఉన్నది. ఎవరి కాలగణన వారికి ఇచ్చారు. అయితే నాలుగు పాఠాలూ అక్షరాలా ఒకటి కావు. సెవిల్లేను అన్యమతస్థుల చేతుల నుండి లాక్కొని క్రైస్తవ ఆరాధనకు తిరిగి అప్పగించాడన్న మాట లాటినులో ఉన్నది. అరబీ, హీబ్రూ పాఠాలలో ఆ మాట లేదు. చర్చి వారికి ఒక మాట, పౌరులకు మరొక మాట. ఒకే ఉత్తర్వును పై అధికారికి ఒక తీరునా, ప్రజలకు ఒక తీరునా ముసాయిదా వేయడం గుమాస్తాగిరీ చేసినవారికి కొత్త కాదు కనుక మేము దీనికి ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమల్లా, ఓడిన ముస్లింనూ యూదునూ కూడా చదువరులుగా లెక్కించిన ఒక రాజ్యం 13వ శతాబ్దిలో ఉండి, ఆ తరువాత వారి భాషనే నేరంగా ప్రకటించిన రాజ్యంగా మారడం.

ఆ మార్పు ఎలా జరిగిందో గ్రనాడా చెబుతుంది. 1491 నవంబరులో కుదిరిన ఒప్పందంలో ముస్లింల మతం, మస్జిదులు, ఖాజీల తీర్పులు యథాతథంగా ఉంటాయని రాజదంపతులు సంతకం చేసి ఇచ్చారు. 1492 జనవరి 2న నగరం అప్పగించబడింది. పదేళ్ళు తిరగకుండా బలవంతపు మతమార్పిడులు జరిగాయి, ఒప్పందం చెత్తకాగితమైంది. ఆ జనవరి 2ను గ్రనాడా నగరపాలక సంస్థ నేటికీ పండుగగా జరుపుతున్నది. రాజ ప్రార్థనా మందిరంలో భద్రపరచిన ఇసబెల్లా రాణి కిరీటం, ఫెర్నాండో రాజు ఖడ్గం ఆ వేడుకకు ఆధారం. పురపాలక భవనం మీది నుండి జెండా ఊపుతారు. ప్రతి ఏటా అదే కూడలిలో దానిని వ్యతిరేకించే స్పెయిన్ పౌరులు కూడా నిలబడుతున్నారు. వారిలో ముస్లింల కంటే ముస్లిమేతరులే ఎక్కువ. ఆ సంగతి కూడా మనకు వచ్చే వీడియోలలో ఉండదు.

ఖడ్గం ధరించడం ఒక గౌరవం గనుక, ఆ గౌరవం ఎవరికి దక్కకూడదన్న దానికీ నిబంధనలు పుట్టాయి. శాంతియాగో వీరుల సంఘంలో చేరి, కత్తి ఆకారంలో ఉన్న ఎర్రని శిలువను తెల్లని అంగీ మీద ధరించాలంటే, వంశంలో ముస్లిం రక్తం, యూదు రక్తం లేదని సాక్షులతో రుజువు చేసుకోవలసి వచ్చేది. వెలెన్సియా ప్రాంతపు మోరిస్కోల ఇళ్ళు సోదా చేసి 1563లో ఆయుధాలు లాగివేశారు. గ్రనాడాలో పలుకుబడి గల కొద్ది మోరిస్కో కుటుంబాలకు మాత్రం కత్తి కట్టుకొనేందుకు అనుమతి పత్రాలు ఇచ్చారు. విధేయతకు బహుమానంగా లైసెన్సు! ఆ తరువాత 1567లో అరబీ భాష, మోరిస్కో దుస్తులు, స్నానశాలలు నిషేధించబడ్డాయి. వృద్ధుడైన ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలే అనే మోరిస్కో పెద్ద అప్పుడు అధికారులకు సుదీర్ఘమైన విజ్ఞాపన రాశాడు. దుస్తులు ప్రాంతానికి సంబంధించినవే గానీ మతానికి సంబంధించినవి కావనీ, తూర్పు దేశాల క్రైస్తవులు కూడా అరబీ మాట్లాడుతున్నారనీ ఆయన వాదించాడు. అర్జీ తోసిపుచ్చబడింది. మరుసటి ఏడాది తిరుగుబాటు, దాని వెనుక రక్తపాతం. నేడు హిజాబు గురించి మన అమ్మాయిల తరఫున అర్జీలు రాస్తున్నవారు ఆ వృద్ధుని వాదనను ఒకసారి చదవడం మంచిది. నాలుగున్నర శతాబ్దాల క్రితమే ఆయన ఎన్ని దారులు వెదికాడో!

ఇంత చేసినా ఆ దేశపు కత్తి నుండి అరబీని తుడిచివేయలేకపోయారు. స్పానిషు భాషలో ఖడ్గాన్ని వేలాడదీసే భుజపు పట్టీని తహలీ అంటారు. ఆ మాట అరబీ తహ్లీల్ నుండి, అనగా లా ఇలాహ ఇల్లల్లాహ్ అని పలకడం నుండి వచ్చింది. ముస్లిం సైనికులు ఖుర్ఆనును పెట్టుకొనే చిన్న తోలు పెట్టెకు మొదట ఆ పేరు ఉండేది. తరువాత క్రైస్తవ సైనికులు అందులో తమ పవిత్ర వస్తువులు పెట్టుకొన్నారు. తోలేదో పనివారు కత్తి పిడుల మీద బంగారు తీగ పొదిగే నగిషీకి దమస్కు నగరం పేరే నిలిచింది. గ్రనాడా చివరి సుల్తాను అబూ అబ్దుల్లా 1483లో లుసేనా వద్ద బందీ అయినప్పుడు చేజిక్కిన ఖడ్గాన్ని తోలేదో సైనిక మ్యూజియంలో చూడవచ్చు. ఎంతో నైపుణ్యంతో చేసిన వస్తువు. ఊరేగింపు భాగ్యం మాత్రం దానికి లేదు.

మరి మనం కోరవలసినదేమిటి? ఇటువంటి ప్రతీకలను తొలగించాలని కొందరంటారు. శాంతియాగో దే కొంపొస్తేలా కథీడ్రలులో గుర్రమెక్కి కత్తి ఎత్తిన సెయింట్ జేమ్సు విగ్రహం ఉన్నది. గుర్రపు డెక్కల కింద ముస్లింలు నలుగుతుంటారు. 2004లో దానిని అక్కడి నుండి తీసివేయాలన్న ఆలోచన జరిగింది. నిరసనలు వచ్చాయి. విగ్రహం అక్కడే ఉండిపోయింది. కింద పడిన ముస్లింల బొమ్మలు మాత్రం పూలతో కప్పబడ్డాయి. ఈ పూలు మాకు నచ్చలేదు. చంపబడుతున్నవాడు కనిపించకుండా చంపేవాని కత్తి ఒక్కటే పైన మెరుస్తుంటే, చూచేవానికి అది ఇంకా అందంగా కనిపించదా? విగ్రహాన్ని ఉన్నదున్నట్లు ఉంచి, పక్కన ఒక పలక మీద చరిత్ర రాసిపెట్టడం నిజాయితీ గల పని.

పైగా కత్తి మీద పెట్టిన దృష్టి అసలు హక్కుల మీద పెట్టవలసి ఉన్నది. స్పెయిన్ ప్రభుత్వం 1992లో ఇస్లామిక్ కమిషన్‌తో సహకార ఒప్పందం చేసుకొని చట్టం చేసింది. గ్రనాడా అల్‌బైసీన్ పేటలో ఏళ్ళ తరబడి అడ్డంకుల తరువాత 2003లో ఒక మస్జిదు తెరుచుకొన్నది. సెవిల్లేలో మాత్రం పెద్ద మస్జిదు కోసం జరిగిన ప్రయత్నం స్థానికుల వ్యతిరేకత వల్ల ఆగిపోయింది. 2015లో ఆ దేశం మరొక చట్టం చేసి, 1492లో వెళ్ళగొట్టబడిన యూదుల సంతతికి పౌరసత్వం పొందే అవకాశం కల్పించింది. మంచి చట్టం. కానీ మోరిస్కోల సంతతికి, నేటికీ అందులూసు ఇంటిపేర్లతో మొరాకోలో, ట్యునీషియాలో బతుకుతున్న కుటుంబాలకు, అటువంటి తలుపు తెరవలేదు. ఒకే నేరానికి ఇద్దరు బాధితులుంటే ఒకరికే క్షమాపణ. ఏటా ఒక గంటసేపు మేయరు చేతిలో ఉండే కత్తి కంటే ఈ తేడా ఎక్కువ కోస్తున్నది.

ఇక్కడ మన పాఠకులలో కొందరికి రుచించని మాట ఒకటి చెప్పవలసి ఉన్నది. యుద్ధంలో జయించిన నగరపు మస్జిదులో ఖతీబు కత్తి చేతబట్టి జుమా ఖుత్బా చదివే ఆచారం మన చరిత్రలోనూ ఉన్నది. పాత ఫిఖ్హు గ్రంథాలు దానిని చర్చించాయి. 2020 జూలై 24న ఇస్తాంబులులోని అయా సోఫియాలో తిరిగి నమాజు మొదలైనప్పుడు తుర్కీ మత వ్యవహారాల అధిపతి అలీ ఎర్బాష్ ఖడ్గంతో మింబరు ఎక్కారు. ఆ వీడియోను మన యువకులు ఎంత సంబరంగా పంచుకొన్నారో మేము చూశాము. తొమ్మిది వందల ఏళ్ళు అది తమ చర్చి అని తలచుకొనే గ్రీకు క్రైస్తవునికి ఆ ఖడ్గం ఎలా కనిపించి ఉంటుంది? లోబేరా మనకు కనిపించినట్లే. సెవిల్లే ఖడ్గం అవమానమైతే ఇస్తాంబులు ఖడ్గం గర్వకారణం కాజాలదు. ఇస్తాంబులుది కేవలం ఆచారమైతే సెవిల్లేదీ ఆచారమే. రెండు తూకపురాళ్ళు పెట్టుకొన్న దుకాణదారు గురించి మన ధర్మం ఏమి చెప్పిందో వేరుగా గుర్తు చేయనక్కరలేదు.

అలాగని కత్తులన్నీ ఒకటే అని కూడా మేము అనడం లేదు. మన రాజ్యాంగం 25వ అధికరణం మొదటి వివరణలోనే సిక్కుల కృపాణాన్ని వారి మత స్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. తన విశ్వాసానికి గుర్తుగా ఒరలో ఉన్న కత్తి ఎవరినీ బెదిరించదు. ఎల్ సిలెన్సియో సంఘం ఖడ్గం ఒర దూసినదైనా దానిని మేము ఈ కోవలోనే చేరుస్తాము. కానీ మన దేశంలో కొన్ని చోట్ల మస్జిదు ఎదుట ఆగి కత్తులు ఝళిపించే ఊరేగింపుల మాట వేరు. అక్కడ కత్తి చూపబడేది దేవునికి కాదు, పొరుగువానికి. అటువంటి ఊరేగింపు మీద ఫిర్యాదు రాయడానికి మనం కలం తీసినప్పుడు, హైదరాబాదు పాతబస్తీ పెళ్ళి బరాత్‌లలో మర్ఫా మోతకు కత్తులు తిప్పి కేసులలో ఇరుక్కొనే మన పిల్లల సంగతి అధికారి ఎత్తి చూపకుండా ఉండడు. ఆ అలవాటు మానిపించడం పెళ్ళివారి పెద్దల చేతిలో ఉన్నది. పోలీసులు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

సెవిల్లే విషయంలో మా సూచన ఒకటి ఉన్నది. అక్కడి ముస్లిం సంఘాలు ఆ ఖడ్గపు ఊరేగింపును ఆపమని కోరితే ఫలితం ఉండదు, కోపమే మిగులుతుంది. దానికి బదులు, నవంబరు 23న మేయరు ఖడ్గంతో మందిరం నుండి బయలుదేరే ముందు, అదే మందిరంలో సమాధి మీద ఉన్న నాలుగు పాఠాలనూ బిగ్గరగా చదివించమని అడగవచ్చు. లాటినును ఒక పాద్రీ, కస్తీలియనును ఒక విద్యార్థి, హీబ్రూను ఒక యూదుడు, అరబీని ఆ నగరపు ముస్లిం ఒకడు చదవవచ్చు. లాటినులోని ఆ కటువైన మాటను కూడా వదలకుండా చదవాలి. అనుమతి ఎవరిని కోరాలన్న సందేహం అవసరం లేదు. ఆ పాఠాలను అక్కడ చెక్కించింది ఫెర్నాండో కొడుకే.